మద్దిలేటి లారీ లైట్లు

1993 అక్టోబరు 12, మంగళవారం. రెండు రోజులుగా పట్టిన ముసురు తెల్లవారుజామున తెరిపిచ్చింది. పది గంటలకల్లా నంద్యాలలో ఎండ చురుక్కుమంటోంది కానీ, తూర్పున నల్లమల మీద మబ్బు ఇంకా కదలలేదు. తేదీ ఇంత కచ్చితంగా ఎందుకు గుర్తుందంటే, ఆ రోజే మా లారీ బుకింగ్ ఆఫీసు పైకప్పు రేకులు మార్చారు. కూర్చోవడానికి చోటు లేక, ఎదురుగా ఉన్న మౌలాలి ఉస్తాద్ షెడ్డులో బెంచీ మీద చేరాను.

మౌలాలి లారీలకు కరెంటు పని చేసేవాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు కడప దాకా ఉన్నారు. అందరిలోకీ ఓబులేసు మీద ఆయనకు మమకారం ఎక్కువ. ముప్పై దాటిన ఓబులేసు వైరింగు చేస్తే ఇంకొకరు దానికి వంక పెట్టలేరు. ఎక్కడా వైరు వేలాడదు. కొలిచి, కోసి, బిగించి, టేపు చుడితే ఇస్త్రీ చొక్కాలా ఉంటుంది.

అలాంటి ఓబులేసు ఆ రోజు ఒక లారీ కిందినుంచి చిరాగ్గా బయటికొచ్చాడు.

"దీంట్లో ఏం లేదు ఉస్తాద్. ఊపినా, గుంజినా, సుత్తితో తట్టినా, లైట్లు నిక్షేపంగా ఎలుగుతాండాయి."

ఆ లారీ డ్రైవరు మద్దిలేటి, స్టూలు అంచున కూర్చుని ఉన్నాడు. ఆ షెడ్డులో స్టూలు ఒకటే. వచ్చిన డ్రైవరును దాని మీద కూర్చోబెట్టి ఉస్తాద్ నిలబడేవాడు. ఎందుకలా అని నేనెప్పుడూ అడగలేదు.

"ఘాటెక్కేటప్పుడు పోతాయి ఉస్తాద్," అన్నాడు మద్దిలేటి. "ముందర లైట్లూ మీటరు బోర్డు లైటూ ఒక్కసారే. అంతా చీకటి. మల్లా వాటికవే వస్తాయి."

"క్లీనరు చూసినాడా?" అన్నాడు ఉస్తాద్.

"వాడు ఆ టయానికి నిద్ర పోతాంటాడు."

"ఈ మాట చెప్పడం నువ్వు మూడోసారన్నా," అన్నాడు ఓబులేసు. "నా ముందర ఒక్కసారన్నా పోవల్ల గదా! నేను కనపడితే సిగ్గా దానికి?"

మద్దిలేటి నవ్వలేదు. విషయం ఏమిటంటే, లారీ ఓనరు అతని మాట నమ్మడం మానేశాడు. "పోతాండేది లైట్లు కాదు మద్దిలేటీ, నీ కండ్లు," అని నలుగురిలో అన్నాడు. సాయంత్రం షెడ్డుకు వస్తాడు. బండిలో తప్పు లేదని ఓబులేసు చెప్పాడంటే స్టీరింగు ఇంకొకరికి ఇచ్చేస్తాడు. ఓబులేసు మాటంటే ఊళ్లో అంత గురి.

"నాకే అనుమానంగా ఉండాది ఉస్తాద్," అన్నాడు మద్దిలేటి మెల్లగా. "నిజంగా నా కండ్లేనేమో."

నేను కాలేజీలో ఫిజిక్సు చదువుకున్నాను. మా పుస్తకంలో కరెంటు ఎంత బుద్ధిమంతురాలంటే, గీసిన గీత మీద పోయి, గీసిన గీత మీదే తిరిగొచ్చేది. ఒక్కరోజు కూడా మొరాయించినట్టు రాయలేదు. అందుకని నేనూ నాకు తోచిన సలహా ఒకటి చెప్పాను. అది ఇక్కడ రాయదగ్గది కాదు.

ఉస్తాద్ లారీ చుట్టూ ఒకసారి తిరిగాడు. అది ఖాళీ లారీ. లోడుతో ఉన్న బండిని ఏ షెడ్డులోనూ తీసుకోరు. సరుకు దించి, క్యాబిన్ ఊడ్చి, అప్పుడు తెస్తారు. మద్దిలేటి కూడా నాపరాళ్లన్నీ పక్కనున్న డిపోలో దించి తెచ్చాడు.

"టీ తాగుదాం," అన్నాడు ఉస్తాద్.

టీ వచ్చింది. ఆ హోటలువాడు అల్లం ఎక్కువ వేసేవాడు, ఇప్పుడు ఆ హోటలూ లేదు. ఉస్తాద్ గ్లాసు పట్టుకుని ఓబులేసును అడిగాడు.

"మోకాలు ఎట్లుండాది?"

ఓబులేసు ఎండాకాలంలో లారీ మీదినుంచి జారిపడ్డాడు. నొప్పి ఉందంటే ఉస్తాద్ బరువులు ఎత్తనివ్వడు. ఆయన భార్య హుసేన్‌బీ నూనె కాచి పంపిస్తుంది. ఆ వాసన ఓబులేసుకు పడదు.

"ఏం లేదు ఉస్తాద్. పొద్దున గూడా చెప్తి గదా."

"నొప్పి లేదా?"

"లేదంటాంటే."

"సరే. ఆ బ్యాటరీ లారీ మీదికెక్కించు."

అది పెద్ద లారీ బ్యాటరీ. ఓబులేసు దాన్ని భుజానికెత్తుకుని, లారీ వెనక వాలుగా వేసిన చెక్క మీద కాలు పెట్టాడు. రెండో అడుగుకు అతని మోకాలు టక్కుమంది. నా బెంచీ దాకా వినిపించింది. ఓబులేసు మొహం కందగడ్డలా అయింది. మద్దిలేటి పరుగెత్తి బ్యాటరీ అందుకున్నాడు.

"నొప్పి లేదంటివే?" అన్నాడు ఉస్తాద్.

"అప్పుడు కూచోనుంటి గదా ఉస్తాద్!"

ఆ మాట అంటూనే ఓబులేసు ఆగాడు. చెక్క మీద నిలబడే ఖాళీ లారీని ఈ కొసనుంచి ఆ కొసదాకా చూశాడు. ఉస్తాద్ టీ ఊదుకుంటున్నాడు.

"మద్దిలేటన్నా," అన్నాడు ఓబులేసు, "ఆ రాళ్లు మల్లా ఏయించు. నేనూ వస్తా."

సాయంత్రం ఓనరు వస్తే, "రేపు చెప్తా," అని పంపేశాడు.

మర్నాడు పొద్దున ఇద్దరూ లోడు బండితో గిద్దలూరు దారి పట్టారు. తర్వాత జరిగింది మద్దిలేటి చెప్పగా విన్నదే. పట్టపగలు లైట్లు వేసుకుని పోతుంటే, ఎదురొచ్చే ప్రతి డ్రైవరూ పిడికిలి మూసి తెరిచి సైగ చేస్తాడు, లైట్లు ఆర్పడం మరిచిపోయావని. మద్దిలేటి అందరికీ చెయ్యి ఊపుతూ పోయాడు. ఓబులేసు మీటరు బోర్డు మీద చిన్న బల్బునే చూస్తూ కూర్చున్నాడు.

ఘాటులో ఒక ఎత్తు మలుపు దగ్గర, లారీ మూలిగి ఒక పక్కకు ఒరిగినప్పుడు, ఆ బల్బు ఆరిపోయింది.

"పోయినాయి! సూడప్పా, పోయినాయి!" అని మద్దిలేటి చిన్నపిల్లాడిలా అరిచాడు. లైట్లు ఆరిపోతే అంత సంబరపడ్డ డ్రైవరు ఇంకొకడు ఉండడు.

బండి పక్కన ఆపి, చక్రాల వెనక రాళ్లు పెట్టారు. ఓబులేసు కిందికి దూరాడు. లైట్లు వెలిగించిన కరెంటు తిరిగి పోవడానికి, క్యాబిన్ నుంచి కింది ఛాసిస్‌కు ఒక వైరు ఉంటుంది. ఎర్తు వైరు అంటారు. బరువు మీద, ఎత్తులో, ఛాసిస్ మెలి తిరిగి క్యాబిన్ ఒక వేలెడు పక్కకు జరిగింది. వైరు వీణ తీగలా బిగిసి ఉంది. బోల్టు దగ్గర దాని రాగి నరాలు చాలావరకు తెగిపోయాయి. మిగిలిన ఒకటి రెండు తాకీ తాకకుండా ఉన్నాయి. బండి ఖాళీ అయితే అవి మళ్లీ ఒద్దికగా కలుసుకుంటాయి.

ఓబులేసు ఎంతసేపటికీ బయటికి రాలేదు.

"ఏమైందప్పా?" అన్నాడు మద్దిలేటి వంగి చూస్తూ.

"ఈ వైరు నేనేసిందేనన్నా. ఉగాదికి ముందర."

కొలిచి, కోసి, బిగించి, టేపు చుట్టిన వైరు. ఎక్కడా వేలాడని వైరు.

షెడ్డుకు తిరిగొచ్చి దాన్ని ఉస్తాద్ చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని వేళ్లతో నిమిరాడు.

"బాగా నున్నగా ఏసినావురా," అన్నాడు. వెక్కిరింత కాదు, నిజంగానే అన్నాడు. తర్వాత చుట్టలోంచి కొత్త వైరు లాగి, పాతదాని పక్కన పెట్టి, ఇంకో జానెడు ఎక్కువ వదిలి కోశాడు. "దీనికి కొంచెం ఊపిరాడనీ."

ఓనరు ఇంటికి ఓబులేసు ఒక్కడే నడిచిపోయాడు. మద్దిలేటన్న కండ్లు బాగుండాయి, తప్పు నా వైరుది అని చెప్పి వచ్చాడు. మద్దిలేటి ఆ లారీ తోలడం మానలేదు. ఓబులేసు మోకాలికి నూనె పట్టించడం మొదలుపెట్టాడు. రెండు సందుల అవతలినుంచే వాసన వచ్చేది.

మౌలాలి ఉస్తాద్ 2001 ఎండల్లో పోయాడు. నలభయ్యోరోజు ఫాతిహా ప్రార్థనా, భోజనాలూ ఆయన ఇంట్లోనే జరిగాయి. తన వస్తువులు ఎవరెవరికి ఇవ్వాలో భార్యకు ముందే నోటిమాటగా చెప్పిపోయాడట. షెడ్డు కూతురు రహమత్‌బీకి. పనిముట్లు చిన్న శిష్యులు ఇద్దరికి. వోల్టుమీటరు అల్లుడికి, దాన్ని ఎటు పట్టుకోవాలో అతనికి తెలియదు. సైకిలు మసీదులో అజాన్ ఇచ్చే ముసలాయనకు. స్టూలు మద్దిలేటికి. నేను కూర్చునే బెంచీ, నేను అడక్కుండానే, మా ఇంటికి వచ్చింది.

ఓబులేసుకు ఏమీ రాలేదు.

"నీ పేరే ఎత్తలేదు బేటా," అంది హుసేన్‌బీ కండ్లు తుడుచుకుంటూ. "మరిచిపోయినాడేమో."

ఓబులేసు వంగి, అన్నం వండిన పెద్ద దేగిసా భుజానికెత్తుకుని, వంటింటి మెట్లు ఎక్కాడు. రెండో మెట్టు మీద మోకాలు టక్కుమంది.

ఆగాడు. బరువు భుజం మీద అలాగే ఉండగా, తన వాటా ఆ బ్యాటరీ మోసిన రోజే ముట్టినట్టు నవ్వడం మొదలుపెట్టాడు.

"నొప్పా బేటా?" అంది హుసేన్‌బీ లోపలినుంచి.

"ఎక్కేటప్పుడేలేమ్మా," అన్నాడు.