గొర్రు వెనక నడక

తిప్పన్న చెయ్యి విరగ్గొట్టుకోవడానికి మంచి ముహూర్తమే చూసుకున్నాడు. వానలు వస్తాయని మిద్దె మీద మట్టి పరుస్తూ జారిపడ్డాడు. ఆ మర్నాడే మృగశిర వాన దంచి కొట్టి వెలిసింది. తెల్లవారేసరికి ఊళ్లో ఉన్న ఎద్దులన్నీ పొలాల దారి పట్టాయి. తిప్పన్న మాత్రం ఎడమచేతికి వెదురుబద్దల కట్టుతో వసారాలో కూర్చున్నాడు.

ఎర్రనేలలో పదును ఎంతోసేపు నిలవదు. ఎండకు గాలి తోడైతే రేపటికి ఉంటుందో ఉండదో. ఆ తడిలో కొర్రగింజ పడితే ఏడాది తిండికి దిగుల్లేదు. పడకపోతే ఇంటికి తాళమేసి వలసపోవడమే.

ఎద్దులకు కుడితి పెడుతూ భార్య వన్నూరమ్మ అంది, "నేను తోలుతాలే గొర్రు. ఎద్దులు నా మాట ఇంటాయి."

"ఆడది గొర్రు పడితే వాన ఎనక్కి పోతాదంటారు. ఊరంతా నా మీద పడతాది," అని తిప్పన్న విసుక్కున్నాడు.

ఆ సీమలో విత్తనం వేసే పద్ధతి తాతల నాటిది. ఎద్దులను తోలేదీ, గొర్రు పట్టేదీ మగవాడు. ఒడిలో విత్తనం కట్టుకుని వెనకాలే నడుస్తూ, గొర్రుకు బిగించిన జడ్డిగమనే చెక్కగిన్నెలోకి గింజ జారవిడిచేది ఆడమనిషి. గింజ గిన్నెలోంచి వెదురుగొట్టాల గుండా గొర్రు గీసిన సాలులో పడుతుంది. ముందు నడిచేవాణ్ణి రైతు అంటారు. వెనక నడిచే ఆమెను ఏమనాలో ఎవరికీ తోచినట్టు లేదు.

తిప్పన్న నేరుగా గుట్టెక్కాడు. గుట్ట మీద దర్గాలో జమాల్ షా తాత ఉంటాడు. తిప్పన్నకు గురువు. పెళ్లి కాకముందు నుంచీ ప్రతి గురువారం దర్గా ఊడ్చి, దీపం పెట్టి, తాత చెప్పే నాలుగు మాటలు విని దిగడం అతని అలవాటు. ఎంత కష్టమొచ్చినా అతనికి ఆ గుట్టే దిక్కు.

"తాతా, పదును ఆరిపోతాంది. గొర్రు తోలను ఒక మనిషిని పంపు. నువ్వు చెబితే ఎవురూ కాదనరు."

తాత చినిగిన బొంత కుడుతున్నాడు. సూది ఆపకుండానే అడిగాడు.

"ఇంట్లో ఎవురెవురు ఉండారు తిప్పన్నా?"

"ఎవురుండారు తాతా, ఎవురూ లేరు. నా పెండ్లాం ఒక్కతే."

తాత దారం కొరికి, సూదిని తలపాగాలో గుచ్చుకున్నాడు. చేతికర్ర అందుకుని, "పద," అన్నాడు.

తిప్పన్నకు ప్రాణం లేచొచ్చింది. తాతే వచ్చి గొర్రు పడతాడు కాబోలు. ఈ వయసులో ఆ బరువు ఎలా మోస్తాడోనని దారి పొడుగునా బెంగ కూడా పడ్డాడు.

వాళ్లు వెళ్లేసరికి వన్నూరమ్మ ఎద్దులను కాడికి కట్టి, ఒడిలో విత్తనం పోసుకుని చేను గట్టున నిలబడి ఉంది. మొగుడు ఎవరినో ఒకరిని పట్టుకొస్తాడని ఆమె ఆశ.

తాత గొర్రు జోలికి పోలేదు. భుజం మీది తుండుగుడ్డ తీసి ఆమె ముందు పట్టాడు.

"ఆ గింజలు దీంట్లో పొయ్యి తల్లీ."

ఆమె పోసింది. తాత ఆ గుడ్డను నడుముకు ఒడిలా కట్టుకున్నాడు. గొర్రు వెనక, ఎప్పుడూ ఆడమనిషి నిలబడే చోట నిలబడి, జడ్డిగం మీద చెయ్యి పెట్టాడు.

"ఇంక తోలు," అన్నాడు.

వన్నూరమ్మ మొగుడి వైపు చూసింది. గురువే ఆడవాళ్ల పనికి ఒడి కట్టుకుని నిలబడితే, ఆడదానికి మగవాళ్ల పని కూడదని తిప్పన్న ఏ నోటితో అంటాడు?

ఆమె వంగి మట్టిని తాకి కళ్లకద్దుకుంది. కొంగు నడుముకు చుట్టి గొర్రు పట్టింది. రోజూ మేత వేసి నీళ్లకు తోలుకుపోయే గొంతు అది. ఒక్క అదిలింపుకే ఎద్దులు కదిలాయి.

చేను చివరి దాకా వెళ్లి తిరిగొచ్చేసరికి తాత నడుము పట్టుకున్నాడు. ఒడి విప్పి తిప్పన్న నడుముకు కట్టాడు.

"నాకు చాతగాలే నాయనా. దీనికి ఒక చెయ్యి చాలు."

తిప్పన్న తన కుడిచేతిని కొత్తగా చూసుకున్నాడు. ఆ చెయ్యి పొద్దుటి నుంచీ బాగానే ఉంది.

అనుకున్నంత తేలిక కాదు ఆ పని. గుప్పిట కాస్త వదిలితే గింజ కుప్పగా పడుతోంది. బిగిస్తే అసలు పడటం లేదు. ముందు నుంచి వన్నూరమ్మ వెనక్కి తిరక్కుండానే అంది, "బిగబట్టొద్దు. వేళ్ల సందులోంచి జారనీ."

జారనిచ్చాడు. గొట్టాల్లో గింజ సన్నగా గలగలమంది. ఇన్నేళ్లూ ముందు నడిచినవాడు ఆ చప్పుడు ఏనాడూ చెవిన పెట్టలేదు. ఏటా మొలక వరస తప్పకుండా లేస్తే, అది తన గొర్రు గొప్పతనమేననుకున్నాడు. ముందు సిగ్గేసింది. ఆ వెనకే, వెనక్కి చూసే పని లేకుండా తనను ఇన్నేళ్లు నడిపించిన చెయ్యి గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. కట్టు కట్టిన చేతితో తుడుచుకోబోయి నొప్పికి మూలిగాడు.

"ఏమైంది?" అంది వన్నూరమ్మ.

"ఏం లేదు. పోనీ, తోలు."

సాలు తిరిగేటప్పుడు చూస్తే గట్టు మీద తాత లేడు.

ఆ ఏడు రెండో వాన కాస్త ఆలస్యమైంది. వన్నూరమ్మ గొర్రు పట్టినందుకేనని రచ్చకట్ట మీద ఒకాయన సణిగాడు. "గింజ పోసింది నేనప్పా, ఏమన్నా ఉంటే నన్ను అను," అన్నాడు తిప్పన్న. ఆ తర్వాత వాన వచ్చింది. ఊరందరికీ ఆలస్యమైనట్టే ఊరందరికీ వచ్చింది.

కొర్ర కోసి నూర్చాక, కొత్తగింజ మూట నెత్తిన పెట్టుకుని తిప్పన్న గుట్టెక్కాడు. వెనకే వన్నూరమ్మ. తాత ఇంకా అదే బొంత కుడుతున్నాడు.

"ఇంట్లో ఎవురెవురు ఉండారు తిప్పన్నా?"

గడప దగ్గర తిప్పన్న ఆగిపోయాడు. నెత్తి మీది మూట దించి వన్నూరమ్మ చేతుల్లో పెట్టాడు. పక్కకు జరిగి ఆమెకు దారి ఇచ్చి, ఆమె వెనకాలే లోపలికి నడిచాడు.

తాత మళ్లీ అడగలేదు.