భుజం మీద అన్న పేరు

పొద్దున్న ఆరు గంటలు. ముసురు పట్టింది.

పెరట్లో మా చిన్నవాడు కూర్మారావు చొక్కా విప్పి కూర్చున్నాడు. పక్కన బాత్రూం కడిగే యాసిడ్ సీసా. మూత తీసి ఉంది.

వాడి కుడి భుజం మీద పచ్చబొట్టు. తవిటినాయుడు అని, వాళ్లన్న పేరు. పెద్దవాడు సైన్యంలో చేరి మంచుకొండల్లోకి వెళ్లాడు. పెట్టెలో వచ్చాడు. ఏడాది తిరక్కుండా చిన్నవాడు ఆ పేరు పొడిపించుకున్నాడు.

నిన్న సైన్యం సెలక్షన్లో వీడు పరుగులో ముందొచ్చాడు. ఎత్తు సరిపోయింది, ఛాతీ సరిపోయింది. చివర్లో డాక్టరు భుజం చూసి పక్కన నిలబెట్టాడట. మోచేతి కింద, లోపలివైపు ఉంటే పర్లేదట. భుజం మీద కుదరదట.

సీసా లాక్కుని మూత బిగించి చేతిలోనే ఉంచుకున్నాను. రెక్క పట్టుకుని వాణ్ని ఉప్పుటేటి ఒడ్డుకు ఈడ్చుకెళ్లాను. అక్కడ దాలినాయుడు మాస్టారు సెలక్షన్లకి వెళ్లే కుర్రాళ్లకి తర్ఫీదు ఇస్తారు. సైన్యంలో చేసి వచ్చిన మనిషి. నా పెద్దవాణ్ని తయారుచేసిందీ ఆయనే.

“ఏటి మాస్టారూ, తుపాకీని పచ్చబొట్టు పట్టుకుంటాదా? పెద్దోణ్ని తీసుకున్నప్పుడు గోళ్లతో సహా చూసుకున్నారు. తిరిగిచ్చినప్పుడు నన్ను మూత కూడా తియ్యనివ్వలేదు. ఇప్పుడు వాడి పేరు కూడా బరువైపోయిందా వాళ్లకి?”



కుర్రాళ్లలో ఒకడు నవ్వాడు. “ఒరే కూర్మా, అరికాలి మీద పొడిపించుకోవలసిందిరా!”

కూర్మారావు వాడివైపు చూడలేదు.

“ఇది కాల్చేసుకుంటే అన్న పోతాడు మాస్టారూ. ఉంచుకుంటే ఉద్యోగం పోతాది. ఏం చెయ్యమంటారు?”

“బురదలోకి దిగు,” అన్నారు మాస్టారు. “అందరూ దిగండి. ఆ చివరిదాకా పాకి రండి.”

ఒళ్లు మండింది నాకు. బిడ్డ గోడు చెప్పుకుంటుంటే పాకమంటాడేమిటి?

పాకారు. మొహాలు లేవు, చొక్కాలు లేవు. తిరిగొస్తున్నవాళ్లందరూ ఒకటే నల్ల బురద.

“వీళ్లలో మీవాడెవడు చెల్లెమ్మా?” అన్నారు మాస్టారు.

“ఆ మాత్రం తెలీదా నాకు? అదిగో, గడ్డం పైకెత్తి, ఎడంకాలు విదిలిస్తా పాకతన్నాడే, వాడు. వాళ్లన్న కూడా అచ్చం అలాగే...”



కూర్మారావు దగ్గరికొచ్చేశాడు. విన్నాడు. పాకడం ఆపి, బురదలో అలాగే ఉండిపోయాడు.

“పచ్చబొట్టు కనబడిందా చెల్లెమ్మా నీకు?” అన్నారు మాస్టారు.

వాడి భుజం వైపు చూశాను, అంతా బురదే.

వాడు లేచాడు. నా చేతిలో సీసా చూశాడు.

“అది బాత్రూంకి తీసుకుపోమ్మా. భుజం మీది పేరు పట్నంలో డాక్టరు చేత తీయించుకుంటాను.”

ఇంక వీణ్ని ఆపేది ఏదీ లేదు. వీడూ వెళ్తాడు. ఆ రూలు రాసినవాడి మీద కోపం పోలేదు. మాస్టారి మీద కూడా పోలేదు.

బురద కడుక్కోడానికి కుర్రాళ్లు ఏట్లోకి దిగారు. ముసురుకి నీళ్లు వడిగా ఉన్నాయి. నేను ఒడ్డున నిలబడ్డాను.

ఒకడొచ్చాడు. ఇంకొకడు. ముగ్గురు ఒకేసారి, ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకుంటూ. ఆరోవాడు, ఏడోవాడు.

దిగింది ఎనిమిది మంది.

కూర్మారావు తల నీళ్లలోంచి పైకి లేచింది.

ఎనిమిది.