దీనమ్మ వండిన అన్నం

అనగనగా, గోదారి సముద్రంలో కలవబోయే చోట ఒక ఊరు ఉండేది బంగారం. ఎటు చూసినా కొబ్బరి చెట్లే. ఆ ఊళ్ళో చర్చి పక్క సందులో దీనమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ మొగుడు ఏసోబు. కొబ్బరి దింపు తీసేవాడు, అంటే చెట్లెక్కి కాయలు కోసి కిందికి దించేవాడన్నమాట. వాళ్ళకి సలోమి అని ఒక్కగానొక్క కూతురు. నీకన్నా కాస్త పెద్దది.

దీనమ్మ ఇల్లు చిన్న పెంకుటిల్లే. కానీ నేల మీద అన్నం పెట్టుకు తినచ్చు, అంత శుభ్రం. చీకటుండగానే లేచి మోకాళ్ళ మీద ప్రార్థన చేసుకునేది. ఆ తర్వాత వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, పొయ్యి రాజేసేది. సోమవారం దుప్పట్లు ఉతికేది. శనివారం గిన్నెలన్నీ పెరట్లో వేసి చింతపండుతో తోమేది. ఆదివారం తెల్లచీర కట్టుకుని, సలోమికి రెండు జడలు వేసి, చర్చికి తీసుకెళ్ళేది.

మధ్యాహ్నం పని సర్దుకున్నాక అరుగు మీద కూర్చుని లేసు అల్లేది. చిన్న కొక్కెం ఉన్న సూది, ఒక దారపు ఉండ, అంతే. ఆ సూది ఆడుతుంటే తెల్లటి పువ్వులు, ఆకులు, నెమళ్ళు పుట్టుకొచ్చేవి. పక్కింటి కృపమ్మ కూడా తన దారం పట్టుకొచ్చి కూర్చునేది. ఇద్దరూ ఊళ్ళో సంగతులన్నీ చెప్పుకుంటూ అల్లుకునేవాళ్ళు.

ఇక సాయంత్రం అయ్యేసరికి లాంతరు ముందు కూర్చుని బైబిలు తీసి వాక్యం చదివేది. బయటికి, గొంతెత్తి చదివేది. ఏసోబుకి చదువు రాదు. రోజంతా చెట్లెక్కి దిగిన కాళ్ళు చాపుకుని, చాప మీద పడుకుని వినేవాడు. సలోమి అమ్మ ఒళ్ళో తల పెట్టుకునేది. దీనమ్మకి ఆ వేళంటే ప్రాణం. తెల్లారిన దగ్గర్నుంచి చేసిన చాకిరీ అంతా ఇంటిది. ఆ కాసేపు చదువు మాత్రం తనది.

అలా ఉండగా ఒక వానాకాలం లాంతరు చుట్టూ ఏవో రంగుల గుండ్రాలు కనిపించాయి దీనమ్మకి. చూడ్డానికి ముచ్చటగానే ఉన్నాయి. అలిసిపోయాను కాబోలు, పడుకుంటే పోతాయి అనుకుంది. పొద్దున్నే లేస్తే కళ్ళ వెనకాల ఒకటే సలుపు.

ఆ తర్వాత ఒకరోజు వంటింట్లోంచి వస్తూ పక్కనున్న నీళ్ళబిందెని తన్నుకుంది. బిందె దొర్లి ఇల్లంతా నీళ్ళు. "అంత బిందె కనపళ్ళేదా అమ్మా!" అని సలోమి పకపకా నవ్వింది. దీనమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే గుడ్డతో నేల తుడిచింది. కానీ ఆ బిందె నిజంగానే కనపళ్ళేదు.

అప్పుడు లేసులు కొని పట్టుకెళ్ళే మనిషి వచ్చాడు. దీనమ్మ అల్లినది చేతుల్లో అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏంటమ్మా ఇది, పువ్వుకి రెక్కలే సరిగ్గా లేవు. నీ చేతి పనేనా?" అని తిరిగి ఒళ్ళో పడేసి పోయాడు. కృపమ్మ తల వంచుకుని అల్లుకుంటూ కూర్చుంది.

ఆ తర్వాత చర్చిలో స్త్రీల కూడిక. ఎప్పటిలాగే పాస్టరు అయ్యగారి భార్య, "దీనమ్మా, వాక్యం నువ్వు చదువమ్మా" అంది. దీనమ్మ లేచి నిలబడింది. పుస్తకం తెరిచింది. అక్షరాలన్నీ నీళ్ళలో పడ్డట్టు కదిలిపోతున్నాయి. అందరూ తనవంకే చూస్తున్నారు. "గొంతు బాగోలేదండీ" అని కూర్చుండిపోయింది.

ఆ రోజు ఇంటికొచ్చాక ఆవిడకి వాళ్ళమ్మ గుర్తొచ్చింది. దీనమ్మ అమ్మకి కూడా ఇలాగే చూపు పోయింది. కొడుకింట్లో ఒక మూల కుక్కిమంచం వేసి కూర్చోబెట్టారు. లేవబోతే, "కూర్చో, ఏం ముట్టుకోకు, పడతావు" అనేవాళ్ళు. అందరూ తిన్నాక ఎవరికో గుర్తొస్తే కంచం పెట్టేవాళ్ళు. అన్ని పనులూ చేసిన మనిషి, అలా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని కూర్చునే పోయింది.

దీనమ్మకి భయం వేసింది తల్లీ. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ మూల మంచం తనకి కూడా వేస్తారేమో అనుకుంది. దేవుడితో మాత్రం చెప్పుకుంది. శుక్రవారాలు ఉపవాసం పట్టింది. "ప్రభువా, నీకు ఇది ఎంత పని. నా కళ్ళు నాకివ్వు. ఇంకేం అడగను" అని ఏడ్చేది. నెలలు గడిచాయి. ఎక్కడ ఏ డబ్బా ఉందో చేతికి తెలుసు గనక ఇల్లు నడిచిపోయింది. సాయంత్రాలు పుస్తకం తెరిచి పెట్టుకుని, నోటికొచ్చినవే మళ్ళీ మళ్ళీ చెప్పేది. ఏసోబు వినేవాడు. తేడా అతనికి తెలీలేదు.

ఒకరోజు ఏసోబు భోజనానికి కూర్చున్నాడు. దీనమ్మ గరిటెతో అన్నం తీసి వడ్డించింది. అన్నం కంచంలో పడలేదు. కంచం పక్కన నేల మీద పడింది. ఆవిడకి తెలీక, "పులుసు పొయ్యనా?" అంది.

ఏసోబు ఆ అన్నం చేత్తో కూడదీసి కంచంలో వేసుకున్నాడు. ఆ తర్వాత నెమ్మదిగా, "దీనా, ఎప్పట్నుంచే?" అన్నాడు.

దీనమ్మ చేతిలో గరిటె అలాగే ఉంది. "వానలప్పట్నుంచి" అంది. అని ఏడ్చింది.

అప్పుడు ఏసోబు ఆవిణ్ణి బస్సెక్కించి పట్నంలో కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ డాక్టరమ్మ మంచిది. తాపీగా చూసింది. లైటు వేసి చూసింది. ఏదో యంత్రం పెట్టి చూసింది. "నీటికాసులమ్మా ఇవి, కంట్లో ఒత్తిడి పెరిగి చూపు పోయే జబ్బు. మీ వాళ్ళలో ఎవరికైనా ఉన్నాయా?" అని అడిగింది.

"మా అమ్మకండి."

"తెలిసినప్పుడే రావాల్సిందమ్మా. మందులేసి ఉన్న చూపైనా నిలబెట్టేవాళ్ళం. ఇప్పుడు బాగా ముదిరిపోయింది. పోయిన చూపు ఇంక రాదు."

అక్కడ్నుంచి ఇంటికొచ్చేదాకా దీనమ్మ బస్సు కిటికీకి తల ఆనించి కుమిలిపోయింది. కళ్ళు పోయాయని కాదు. ఆ నెలలన్నీ మోకాళ్ళ మీద కూర్చుని పోగొట్టుకున్నాను కదా అని. నోరు తెరిచి మొగుడితో ఒక్క మాట చెబితే పోయేది కదా అని.

దేవుడు ఎందుకు వినలేదు అంటావా? ఏమో తల్లీ. దీనమ్మ కూడా అదే అడిగింది. ఎవరూ చెప్పలేదు.

ఎండలు ముదిరేసరికి మిగిలిన కాస్త మసక వెలుగు కూడా పోయింది. చుట్టూ చీకటి. దీనమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. తనకి తానే వెళ్ళి ఆ మూల కూర్చుంది, ఎవరూ కూర్చోబెట్టలేదు.

అయ్యగారూ, ఆయన భార్యా వచ్చారు. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. "దేవుడు తనకి ఇష్టమైన వాళ్ళనే పరీక్షిస్తాడమ్మా" అన్నారు అయ్యగారు. దీనమ్మ, "అయితే నేనంటే ఆయనకి ఇష్టం లేకపోతే బాగుణ్ణండి" అంది. ఇద్దరూ చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

ఆ తర్వాత కృపమ్మ వచ్చింది. గిన్నెలో చేపల పులుసు తెచ్చింది. "చూపు లేకపోతేనేం, అల్లడం చేతికొచ్చిన పనే కదా, పట్టుకో" అని సూదీ దారం చేతిలో పెట్టింది. దీనమ్మ అల్లింది. కాసేపు బాగానే వచ్చింది. ఆ తర్వాత ఒక ముడి జారింది. దాన్ని వెతుక్కుంటుంటే ఇంకో ముడి జారింది. తడిమితే వేళ్ళకి చిక్కు తప్ప ఏమీ తగల్లేదు. అప్పుడు లేచి, గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, ఆ సూదిని వెనకున్న బోదె కాలవలోకి విసిరేసింది. కృపమ్మ బావురుమంది. దీనమ్మ ఏడవలేదు. వచ్చి మళ్ళీ తన మూలే కూర్చుంది.

సలోమి లాంతరు వెలిగించి, "వాక్యం నేను చదవనా అమ్మా?" అంది. "వద్దు. మూసెయ్" అంది దీనమ్మ. సలోమి పుస్తకాన్ని గుడ్డలో చుట్టి గూట్లో పెట్టేసింది.

మరి ఇంటి పని ఎవరు చేస్తారు? ఏసోబు తెల్లారకుండానే దింపుకి పోవాలి. కొన్నాళ్ళు గంజి కాచుకున్నారు. కొన్నాళ్ళు కృపమ్మ పెట్టింది. ఆ తర్వాత ఒక పొద్దున్న ఏసోబు తల గోక్కుంటూ, "సలోమీ, బడి మానేయమ్మా. అమ్మని చూసుకోవాలి కదా" అన్నాడు.  సలోమి, "అలాగే నాన్నా" అంది. పుస్తకాల సంచి అటక మీద పెట్టేసింది.

ఎంత బుద్ధిమంతురాలో ఆ పిల్ల! నీళ్ళు తెచ్చేది, అన్నం వార్చేది, అమ్మకి తల దువ్వేది. చేతులు కాల్చుకునేది, అయినా చెప్పేది కాదు. దీనమ్మ మూల కూర్చుని అన్నీ వినేది. చేట చప్పుడు, చెంబు చప్పుడు, చీపురు చప్పుడు.

ఒకరోజు పొద్దున్నే సలోమి వాకిలి ఊడుస్తోంది. సందులోంచి బడికెళ్ళే పిల్లలు వెళ్తున్నారు, అల్లరల్లరిగా అరుచుకుంటూ. అప్పుడు చీపురు చప్పుడు ఆగిపోయింది. పిల్లల గొంతులు మలుపు తిరిగి వినపడకుండా పోయేదాకా ఆగే ఉంది. ఆ తర్వాత మళ్ళీ మొదలైంది, నెమ్మదిగా.

దీనమ్మ గుండె కలుక్కుమంది. కళ్ళు పోయినప్పుడు కూడా అంత నొప్పి పుట్టలేదు.

సలోమి నీళ్ళకి వెళ్ళినప్పుడు దీనమ్మ లేచింది. గోడ తడుముకుంటూ పొయ్యి దగ్గరికి వెళ్ళింది. ఆ రోజు వంకాయ తరగబోయి వేలు కోసుకుంది. మర్నాడు అన్నం పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆ మర్నాడు గంజి వారుస్తుంటే చెయ్యంతా కాలి బొబ్బలెక్కింది. సలోమి పరుగెత్తుకొచ్చి, "ఎందుకమ్మా నీకు? కూర్చో, ఏం ముట్టుకోకు!" అని ఏడ్చింది.

దీనమ్మ ఆ చెయ్యి నీళ్ళలో పెట్టుకుని, "ఆ మాట ఇంకెప్పుడూ అనకు" అంది. అంతే అంది. కానీ ఎంత గట్టిగా అందంటే, సలోమి ఏడుపు ఆపేసింది.

ఆ తర్వాత కొన్ని వారాలకి, ఇంకా ఏసోబు దింపుకి బయల్దేరకుండానే, దీనమ్మ లేచి సలోమిని తట్టింది. "లే. తల దువ్వుకో. అటక మీంచి సంచి దించుకో."

"నీకు కనపడదు కదమ్మా" అంది సలోమి.

"కనపడదు. ఇంక ఎప్పటికీ కనపడదు. నువ్వు పో."

ఏసోబు గుమ్మంలో నిలబడ్డాడు. "ఒళ్ళు కాల్చుకుంటావే దీనా" అన్నాడు.

"కాల్చుకుంటాను. నా ఒళ్ళే కదా" అంది దీనమ్మ.

అతను సంచి తనే దించి, దుమ్ము దులిపి కూతురి భుజానికి తగిలించాడు.

ఇద్దరూ వెళ్ళిపోయారు. ఇల్లంతా నిశ్శబ్దం. దీనమ్మ ఒక్కతే. బియ్యం కడిగింది. ఎసరు వేలితో చూసుకుంది. పుల్ల గీసి పొయ్యి రాజేసింది. వేడి తగిలే దూరంలో కూర్చుంది. చీకట్లో ఆ మంట చిటపటలు తప్ప ఏమీ లేదు. అప్పుడు చాలా నెలల తర్వాత మొదటిసారి ఆవిడ దేవుడితో మాట్లాడింది. మోకాళ్ళ మీద కూర్చోలేదు. చేతులు జోడించలేదు.

"నీ మీద నాకింకా కోపం పోలేదు. పోతుందని కూడా చెప్పను. నా కళ్ళు అడగను, అది అయిపోయింది. పిల్ల మధ్యాహ్నం ఆకలితో వస్తుంది. ఈ అన్నం మాడకుండా చూడు, చాలు."

మధ్యాహ్నం సలోమి వచ్చింది. సంచి ఇంకా భుజానే ఉంది. గిన్నె మూత తీసి చూసింది.

మాడిందా అని అడుగుతావా? అడుగున మాడింది బంగారం. పైన కొంచెం పలుకు ఉంది. కూరలో ఉప్పు లేదు. సలోమి కంచం నిండా పెట్టుకుని తింది. మళ్ళీ పెట్టుకుని తింది. దీనమ్మ ఎదురుగా కూర్చుని, ఆ పిల్ల నములుతున్న చప్పుడు వింటూ ఉంది. కంచం ఖాళీ అయ్యేదాకా వింది. ఆ తర్వాత, "బడికి వేళవుతోంది, చెయ్యి కడుక్కో" అంది.

కథ వెళ్ళింది కంచి దారి,
మనం వెళ్దాం ఇంటి దారి,
కునుకమ్మ వచ్చింది కంటి దారి.