చెవి ఒగ్గిన ఆలకమ్మ

సముద్రానికి కూతవేటు దూరంలో, ఉప్పు మళ్ళ నడుమ, తెల్లమడ అనే ఊళ్ళో ఆలకమ్మ గుడి ఉంది. అమ్మవారు మోకాళ్ళ వరకు మట్టిలో దిగి, తల ఓ పక్కకు ఒరగేసి, కుడిచేతిని చెవి వెనుక దొప్పలా పట్టి దర్శనమిస్తుంది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఈ అమ్మ మాత్రం అడగనిదే పుచ్చుకోదు. ఆ వైనం ఇది.

పూర్వం ఇక్కడ గుడి లేదు, నీడ లేదు, ఎటు చూసినా ఉప్పే. ఒకనాడు పోలయ్య అనే ఉప్పు పనివాడు మడి చదును చేస్తుండగా పారకు రాయి తగిలింది. మట్టి తొలగిస్తే, చేతులు దించుకుని నిటారుగా నిలుచున్న అమ్మవారు బయటపడింది. జనం సంబరపడి తాటాకు పందిరి వేశారు.

ఆ రోజుల్లో పక్క పట్నంలో పేరిందేవి అనే వర్తకుల ఇంటి ఇల్లాలు ఉండేది. దానం చెయ్యని రోజు ఆమెకు ముద్ద దిగదు. దొడ్డ మనసే, కాకపోతే ఎవరికేది అవసరమో తనకే తెలుసునని గట్టి నమ్మకం. ఆమెకు అమ్మవారు కలలో కనిపించి, "ఈ మళ్ళలో నా బిడ్డలకు లేనిది నువ్వు ఇవ్వు. మూడు రోజుల్లో ఇవ్వగలిగితే ఇక్కడే ఉంటాను. లేకపోతే మట్టిలో కలిసిపోతాను" అని చెప్పింది.

పేరిందేవి మర్నాడే బండ్లు కట్టించింది. దానగుణం నేర్పాలని ఎనిమిదేళ్ళ మనవరాలు మాణిక్యాన్ని వెంటబెట్టుకుంది. "ఇచ్చేటప్పుడు ప్రశ్నలు వెయ్యకూడదు, పుచ్చుకునేవారు చిన్నబుచ్చుకుంటారు" అని దారి పొడవునా బోధించింది.

మొదటి రోజు అన్నం, ఆవకాయ జాడీలు, ఊరమిరపకాయలు పంచింది. ఉప్పులో పుట్టి ఉప్పులో పెరిగినవాళ్ళకు ఊరగాయలు! తిన్నవాళ్ళు దాహంతో అల్లాడిపోయారు. విగ్రహం పాదాలు మట్టిలోకి దిగాయి. రెండో రోజు పట్టుచీరలు ఇచ్చింది. "ఇయి కట్టుకుని మడిలోకి దిగమంటాదేటి?" అని ఆడవాళ్ళు కొంగు చాటున నవ్వుకున్నారు. పైకి మాత్రం అందరూ మహాతల్లి అంటూ దండం పెట్టారు, పెట్టే చేతిని కాదనడం మర్యాద కాదు కదా. విగ్రహం పిక్కల దాకా దిగింది.

మూడో రోజు పేరిందేవికి భయం పట్టుకుంది. అమ్మవారిని శాంతింపజేయాలని పట్నం నుంచి కావిళ్ళతో మంచినీళ్ళు తెప్పించి అభిషేకానికి సిద్ధం చేయించింది. మంత్రాలు సాగుతూనే ఉన్నాయి, విగ్రహం దిగుతూనే ఉంది. దొరికిన తల్లి దక్కకుండా పోతోందని జనం ఏడ్చారు.

ఆ గందరగోళంలో మాణిక్యం నాయనమ్మ బోధ మరచిపోయింది. పక్కనే కూర్చున్న పోలయ్య తల్లి అప్పలనరసమ్మను, "అవ్వా, నీకేం కావాలి?" అని అడిగేసింది.

ముసలమ్మ కాళ్ళు ముందుకు చాపింది. "పుట్టి బుద్దెరిగాక నన్నీ మాట అడిగినోళ్ళు లేరమ్మా. నా కాళ్ళు సూడు, ఉప్పుకి పగిలిపోనాయి. మంచినీళ్ళతో ఒక్కపాలి కడుక్కుంటే సాలు. తాగే నీళ్ళకే రెండు కోసులు నడిసెల్తాం, ఇంక కాళ్ళకెక్కడివి?"

మాణిక్యం లేచి, అభిషేకం బిందె ఎత్తి తెచ్చి అవ్వ కాళ్ళ మీద పోసింది.

"అయ్యో, అవి అమ్మవారి నీళ్ళు పిల్లా!" అని పేరిందేవి కేక వేసింది.

"అవ్వకి అవే కావాలట నాయనమ్మా" అంది మాణిక్యం.

అంతలో జనం ఒక్కసారిగా ఆశ్చర్యంతో కేక పెట్టారు. విగ్రహం మోకాళ్ళ దగ్గర ఆగిపోయింది. అవ్వ మాట వింటున్నట్టు తల ఆమె వైపు ఒరిగి ఉంది, చెయ్యి చెవి దగ్గరికి లేచి ఉంది. పేరిందేవి సిగ్గుతో, సంతోషంతో కన్నీళ్ళు పెట్టుకుని, మిగిలిన బిందెలతో తన చేతులతోనే అందరి కాళ్ళూ కడిగింది. తరువాత ఊరికి మంచినీటి కాలువ తవ్వించింది. ఎటునుంచి తవ్వాలో ఈసారి ఊరివాళ్ళనే అడిగింది.

నేటికీ ఇక్కడ తొలి పూజ పిల్లలదే. దర్శనానికి వచ్చిన ప్రతి కుటుంబంలోని పిల్లలు వరుసలో నిలుచున్న ఓ పెద్దవారి కాళ్ళకు నీళ్ళు పోసి, "మీకేం కావాలి?" అని అడిగి, పూర్తిగా విని, తమ దగ్గరున్న దానిలోంచి ఇవ్వాలి. కొందరు అరటిపండు అడుగుతారు, కొందరు తమలపాకు అడుగుతారు. కిందటేడు ఓ తాతగారు "కాసేపు నా పక్కన కూచో నాయనా" అన్నారు, అంతే. అలా అడిగి పెట్టే పిల్లలున్న ఇంట్లో కూడుకూ నీళ్ళకూ కొదవ ఉండదని ఇక్కడివారి నమ్మకం.

పెద్దలు ఎంత ఘనమైన మొక్కుబడి మోసుకొచ్చినా సరే, గడప దగ్గర అర్చకులు పళ్ళెంలోకి తొంగి చూడరు. "మీ పిల్ల అడిగి వచ్చిందా?" అంటారు.