పిలిస్తే వినపడేంత దూరం

మృత్యుంజయరావు మాస్టారు ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ముందు కుంచెలు కడుక్కునేవారు. ఏలూరులో ఆయన దగ్గర బొమ్మలు నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళలో తొందరపాటు మనుషులు ఆ కుంచెలు ఆరేలోపే లేచి వెళ్ళిపోయేవారు. ఆరేళ్ళు నిలిచింది నీలవేణి ఒక్కతే.

ఆమె ఒక వారపత్రిక కోసం బొమ్మల కథ గీస్తోంది. నగరంలో నేరస్తులను వెంటాడి పట్టుకునే ముసుగు మనిషి కథ. సంపాదకుడు దాన్ని వెనక్కి పంపుతూ, మీ నాయకుడు మంచి పోలీసులా ఉన్నాడు తప్ప సూపర్ హీరోలా లేడని రాశాడు. ఆమె అతనికి ఎగరడం నేర్పింది. అది చాలదన్నాడు. కళ్ళలోంచి మంటలు రప్పించింది, ఎర్రటి అంగరఖా తొడిగింది, ఒక రహస్య గుహ కట్టించింది. అయినా ఆ బొమ్మలు చూసినప్పుడల్లా, ఎవరో వేషం వేసుకుని పోటీకి బయలుదేరినట్టే ఆమెకూ అనిపించింది. చివరికి ఒకరోజు కాగితాలన్నీ మాస్టారి ముందు పెట్టి అడిగింది.

“మాస్టారూ, దొంగల్ని పట్టేవాడు సూపర్ హీరో ఎప్పుడవుతాడు? శక్తి వల్లా, ముసుగు వల్లా?”

ఆయన కుంచెలు కడిగి, గుడ్డతో తుడిచి, కిటికీలో పెట్టారు. తరువాత ఈ సంగతి చెప్పారు.

ముప్పై ఏళ్ళ వయసులో ఆయన ఒక నాటక కంపెనీకి తెరలు గీసేవారు. కంపెనీ యజమాని నాగభూషణం ముసుగు వీరుడి నాటకమొకటి తయారుచేయించి ఊరూరా ఆడించేవాడు. నల్ల ముసుగు వేసుకునే నటుడి పేరు ప్రకటనల్లో ఉండేది కాదు. ఆట అయిపోయాక కూడా జనం ముందు ముసుగు తీసేవాడు కాదు. ఆ మనిషెవరో తెలియకపోవడమే జనాన్ని మళ్ళీ మళ్ళీ రప్పించేది. నిజానికి అతను ఏసోబు. కంపెనీ దర్జీ. వయసు నలభై దాటింది. సన్నటి మనిషి, ఉబ్బసం. భుజాలకూ ఛాతీకీ దూది దట్టించిన ఆ వేషం తానే కుట్టుకున్నాడు. అది తొడిగితే ఆరడుగుల వాడిలా కనిపించేవాడు. విప్పేస్తే, అన్నం వడ్డించేటప్పుడు వరసలో అతన్ని మరిచిపోయేవారు. భార్య పురిట్లోనే పోయింది. తనకోసం ఎదురుచూసే మనిషి ఏ ఊళ్ళోనూ లేడు.

కంపెనీ చీరాలలో డేరా వేసిన నెలలో, ఆ చుట్టుపక్కల ఒకడు ఒంటరిగా కనిపించిన ఆడపిల్లల చెవుల దుద్దులు తెంపుకుపోతున్నాడు. ఇద్దరు పిల్లల చెవితమ్మెలు తెగిపోయాయి. ఒక సాయంత్రం మొదటి ఆటకు ఇంకా గంట ఉందనగా, చంకలో కుట్టు ఊడిందేమో చూసుకోవడానికి ఏసోబు ముసుగుతో సహా వేషం తొడుక్కుని డేరా వెనక్కి వచ్చాడు. పొగాకు గోడౌను సందులోంచి పిల్ల కేక వినపడింది. పరిగెత్తాడు.

వాడి చేతిలో కత్తి ఉంది. పిల్ల గోడకు ఆనుకుపోయి ఉంది, ఒక చెవి నుంచి రక్తం కారుతోంది. ఏసోబుకు కుస్తీ రాదు, కర్రసాము రాదు. వెనకనుంచి వాణ్ణి రెండు చేతులా వాటేసుకుని, వదలకుండా ఉండడం ఒక్కటే చేశాడు. కత్తి ముంజేతి మీద రెండుసార్లు దిగింది. అయినా వదల్లేదు. మనుషులు పరుగెత్తుకొచ్చి దొంగను పట్టుకున్నాక, అతను ఆ పిల్ల ముందు కూర్చున్నాడు. ఆమె వణుకు ఆగడం లేదు. ఏం చెప్పాలో తోచక, తనకు వచ్చిన ఒకే ఒక ముక్క, నాటకంలోది, చెప్పాడు.

“భయపడకు. నువ్వు పిలిస్తే వినపడేంత దూరంలోనే ఉంటాను.”

తరువాత డేరాలోకి వచ్చి కూలబడ్డాడు. ఆ చెయ్యి కడిగి కట్టు కట్టింది మృత్యుంజయరావు మాస్టారే. ఏసోబు పళ్ళు కొట్టుకుంటున్నాయి. తను ఎంత భయపడ్డాడో ఎవరికీ చెప్పవద్దని బతిమాలాడు. దొంగ గుప్పిట్లోనే దుద్దు దొరికింది గనుక పోలీసులకు అతని సాక్ష్యం అవసరం పడలేదు.

ఊరు ఊరంతా ముసుగు వీరుణ్ణి తలుచుకుంది. నాగభూషణానికి కాలు నిలవలేదు. ఆదివారం స్టేజీ మీద సన్మానం పెడదామనీ, ఆ పిల్ల చేతులతోనే ముసుగు తీయిద్దామనీ అన్నాడు. ఏసోబు కాదనలేదు. ఆ మూడు రోజులూ అతని ముఖంలో ఒక వెలుగు ఉండిందని మాస్టారు చెప్పారు. గడ్డం గీయించుకున్నాడు. తెల్లచొక్కా ఉతికి, మడతపెట్టి, తలకింద పెట్టుకుని పడుకున్నాడు.

శనివారం ఉదయం ఆ పిల్లను చూసి రావాలనిపించింది. పేరు మాణిక్యం, ఎనిమిదేళ్ళు. తండ్రి పరంధాములు మగ్గం నేసేవాడు. కంపెనీ దర్జీనని చెప్పుకుని ఏసోబు ఆ ఇంటి గుమ్మంలోకి వెళ్ళాడు, వెంట మాస్టారున్నారు. పరంధాములు మగ్గం ఆపి చాప వేశాడు. పిల్ల రెండు రోజులు వంటింట్లోంచి బయటికి రాలేదనీ, గిన్నె చప్పుడైనా ఉలిక్కిపడేదనీ చెప్పాడు. నిన్న తనంతట తనే పలక తీసుకుని ఆ సందులోంచే బడికి బయలుదేరిందట. ఎలా వెళ్తావే అని తల్లి అడిగితే, ఆయన వింటూ ఉంటాడుగా అందట.

మాణిక్యం చెవికి పట్టీతో వచ్చి స్తంభం పక్కన నిలబడింది. ఏసోబును తల నుంచి పాదాల దాకా చూసింది. అతనికి అప్పుడే దగ్గు తెర వచ్చింది. అది తగ్గేదాకా ఓపిగ్గా ఆగి అడిగింది.

“ఆయనకి భయం వేస్తుందా? నాన్న అందరికీ వేస్తుందంటాడు.”

ఏసోబు నోరు తెరిచాడు. చొక్కా చేతి కింద కట్టు తడిసి ఉంది. ఆ పిల్ల చూపు అతని ముఖం మీద లేదు, అతని వెనక వీధిలో ఎక్కడో ఉన్న ఇంకొకరి కోసం వెతుకుతోంది. ఇప్పుడు తాను అవుననీ, ఆ మనిషి తనేననీ చెబితే, రేపటి నుంచి ఆ సందులో ఆ పిల్లకు తోడు ఉండేది ఈ దగ్గుతున్న మనిషే. మాస్టారు పక్కనే కూర్చుని, అతను ఆ మాట మింగడం చూశారు.

“నాకు తెలీదమ్మా,” అన్నాడు. “నేను ఆయన బట్టలు కుడతానంతే.”

పిల్ల లోపలికి వెళ్ళి కొబ్బరిలౌజు ముక్క తెచ్చి, దారిలో తినేయకుండా ఆయనకే ఇవ్వమంది. ఏసోబు దాన్ని రెండు చేతులా అందుకున్నాడు.

ఆదివారం ముసుగు తియ్యనన్నాడు. నాగభూషణం మొదట బతిమాలాడు, తరువాత తిట్టాడు, చివరికి కంపెనీలో ఉండొద్దన్నాడు. అది కోపంలో అన్న మాటేనని, డేరాలు విప్పి లారీ ఎక్కించేటప్పుడు అతను కూడా ఎక్కుతాడని అందరూ అనుకున్నారు. తన కుట్టుమిషను మాత్రం కిందికి దింపించుకున్నాడు. బడికి వెళ్ళే రోడ్డులో, ఆ సందు మొదట్లో, ఒక గది అద్దెకు తీసుకున్నాడు. పొద్దున బడిగంటకు ముందూ, సాయంత్రం వదిలే వేళా మిషను ఆపేసేవాడు. చప్పుడులో ఏదీ వినపడదని.

పందొమ్మిదేళ్ళు అక్కడే ఉన్నాడు. పిల్ల పెద్దదై కాలేజీకి వెళ్ళింది, ఆ దారినే. ఒకసారి గొడుగు అంచు ఊడితే కుట్టించుకుని, తాతా అని పిలిచి వెళ్ళింది. తరువాత ఆ ఊరి బళ్ళోనే పంతులమ్మ అయింది. పెళ్ళికి వీధి వీధంతా వెళ్ళింది. దర్జీని పిలవడం ఎవరికీ గుర్తు రాలేదు. మాస్టారు అటు వెళ్ళినప్పుడల్లా అతని గదిలో ఒక పూట గడిపేవారు. ఎప్పుడైనా ఆ పాత సంగతి ఎత్తబోతే, ఏసోబు దారం నాణ్యత పడిపోయిందని మాట మార్చేసేవాడు. చనిపోయినప్పుడు మోయడానికి నలుగురి కోసం వెతకాల్సి వచ్చింది. మాస్టారు ఒకరు.

నీలవేణి తన కాగితాలను బోర్లించి పెట్టింది.

“ఆ రోజు ఆ పిల్లకు నిజం చెప్పేసి ఉంటే మాత్రం ఏం పోయేది మాస్టారూ? కత్తికి ఎదురెళ్ళింది అతనేగా. ధైర్యవంతుడు కాకుండా పోతాడా?”

మాస్టారు కిటికీలోంచి ఒక కుంచె తీసి, ఆరిందో లేదో వేలితో చూసుకున్నారు.

“ధైర్యవంతుడే అయ్యేవాడు,” అన్నారు. “కానీ నువ్వడిగింది ధైర్యవంతుడి సంగతి కాదుగా. ధైర్యవంతులు ఇంటికి వెళ్ళి, జరిగింది ఎవరికో ఒకరికి చెప్పుకుంటారమ్మా.”