ఉన్నా లేకపోయినా

రంగాపురం జమీందారుగారి పాత కారు నిలబడ్డ చోటే చలిజ్వరం పట్టినట్టు వణుకుతోంది.

"కారు చూసే ఈ సైదులు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. పంపించేయండి" అన్నాడు జమీందారుగారితో దివాన్ అనంతరామయ్య.

సైదులుకి ఒళ్ళు మండింది. అయినా నవ్వుతూనే, ఇంజన్ నడుస్తుండగా దానికి నిప్పురవ్వ అందించే ప్లగ్గు వైర్లు నాలుగూ ఒక్కొక్కటే పీకి మళ్ళీ తగిలించాడు. మూడింటికి బండి ఇంకా ఎగిరెగిరి పడింది. ఒకదానికి మాత్రం వణుకు పెరగలేదు, తగ్గలేదు.

"ఇది లేకపోయినా బండికి తెలియట్లేదు దొరా. పని ఎగ్గొడుతున్నది ఇదే!"

బండి ఆపి, ఆ ప్లగ్గు విప్పి, కన్నం మీద జమీందారుగారి బొటనవేలు పెట్టించి ఇంజన్ తిప్పించాడు. గాలి ఆ వేలిని నెట్టనే లేదు.

"లోపల గాలి నిలవట్లేదు. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగిపోయాయి. అవి మారిస్తే సరి."

జమీందారు "భలే!" అన్నారు.

"రింగులు ఎవడైనా మారుస్తాడు. వీణ్ణి పంపించండి" అన్నాడు దివాన్.

"అలాగే బాబూ. ఈ వారం నేను ఇంట్లో కూర్చుంటా. వచ్చే వారం తమరు కూర్చోండి. ఎవరు లేకపోతే దివాణం వణుకుతుందో దొరగారే చూస్తారు."

జమీందారు పడీ పడీ నవ్వారు. సైదులు కొలువు నిలిచింది. దివాన్‌గారు మాత్రం ఆ తర్వాత చలిజ్వరమొచ్చినా సెలవు పెట్టలేదు.