జకరయ్య వెనక్కి తీసుకున్న పళ్లేలు

వాల్తేరు రైల్వే కాలనీలో జకరయ్య అనే వంటవాడు ఉండేవాడు. చేతిలో మంచి రుచి ఉన్నా, తప్పు తనదని ఒప్పుకోవడం మాత్రం అతనికి చేతనయ్యేది కాదు. కూరలో ఉప్పెక్కువైతే భార్య సువార్తమ్మను అనేవాడు. మాంసం ముదిరితే అది అమ్మిన సైమన్‌ను అనేవాడు. అన్నం మాడితే బొగ్గులు మంచివి కావనేవాడు.

అతనికి పేరు తెచ్చిన వంట ఒకటుండేది. పంది మాంసం సాసేజీలను ఉల్లిపాయలు, మిరియాలు వేసిన బీరులో సన్నని సెగ మీద ఇరవై నిమిషాలు ఉడికించి, ఆ తర్వాతే బొగ్గుల గ్రిల్లు మీద ఎర్రగా కాల్చేవాడు. కాలనీ బడిలో టీచరుగా చేసి రిటైరైన డోరతీ గారు అతనికి ఆ పద్ధతి నేర్పారు.

ఆవిడ ఎనభయ్యో పుట్టినరోజుకు కాలనీవాళ్లు మధ్యాహ్నం విందు పెట్టారు. అరవై మంది వచ్చారు. వంట జకరయ్యది. ఆ రోజు అతను ఆలస్యంగా లేచాడు. సువార్తమ్మ బీరు గిన్నె పొయ్యి మీద పెట్టబోతుంటే ఆపాడు. ఉడికించే తీరిక లేదని, గ్రిల్లు మీద కాలుతుండగా పైన బీరు చిలకరిస్తే ఎవరికీ తేడా తెలియదని చెప్పాడు. ఆమె వద్దంది. అతను వినలేదు.

సాసేజీలు చూస్తుండగానే ఎర్రబడ్డాయి. వాసనకే జనం మెచ్చుకున్నారు. పళ్లేలు బల్లల మీదికి వెళ్లాయి. అప్పుడు తీరిగ్గా ఒకటి రుచి చూద్దామని జకరయ్య కత్తితో కోశాడు. లోపలంతా పచ్చిగా ఉంది. పచ్చి పంది మాంసం తిన్నవాళ్లు మంచాన పడతారని అతనికి బాగా తెలుసు.

అదే సమయానికి, ముందు బల్ల దగ్గర కూర్చున్న గ్రేసమ్మ కూడా తన పళ్లెంలోది కోసి చూసింది.

“జకరయ్యా, ఇదొక్కటి ఏదో తేడాగా ఉంది. సైమన్ పాత సరుకు అంటగట్టాడా?” అని అడిగింది.

అవునంటే సరిపోయేది. సైమన్ అక్కడ లేడు. ఆ మాట జకరయ్య నోటి దాకా వచ్చింది కూడా. కానీ అలా అంటే మిగతావాళ్లు తమవి బాగానే ఉన్నాయనుకుని తినేస్తారు. గ్రేసమ్మ పక్కనే ఆమె ఐదేళ్ల కూతురు ఒక ముక్కను గుచ్చి నోటి దగ్గరకు తెచ్చుకుంది. జకరయ్య చటుక్కున ఆ ముక్కను అందుకున్నాడు.

“ఎవరూ తినకండి,” అన్నాడు గట్టిగా. “మాంసం మంచిదే. సైమన్ తప్పేమీ లేదు. తొందరలో నేనే ఉడికించకుండా పెట్టాను.”

అతను ఒక్కో బల్ల దగ్గరికి వెళ్లి పళ్లేలన్నీ తన చేత్తోనే వెనక్కి తీసుకున్నాడు. ముఖం కందగడ్డలా అయింది. రెండు కుటుంబాలవాళ్లు విసుక్కుంటూ వెళ్లిపోయారు. సువార్తమ్మ అప్పటికే బీరు గిన్నె పొయ్యి మీద పెట్టింది. ఈసారి జకరయ్య గడియారం చూసుకుంటూ ఇరవై నిమిషాలూ ఆగాడు. విందు రెండు దాటాక మొదలైంది. డోరతీ గారు ఒకటి తిని, ఇంకొకటి అడిగి వేయించుకున్నారు.

మర్నాడు జకరయ్య సైమన్ కొట్టుకు వెళ్లి, ఇన్నాళ్లూ అతని మీద వేసిన నిందలకు క్షమించమన్నాడు. ఆ ఏడాది కాలనీ క్రిస్మస్ విందు మాత్రం వేరే వంటవాడికి వెళ్లింది. మూడు నెలలు అతన్ని ఎవరూ పిలవలేదు.

నాలుగో నెలలో గ్రేసమ్మ వచ్చింది. కూతురి పుట్టినరోజుకు వండమంది.

“నా చేతి వంట చూశాక కూడానా అమ్మా?” అన్నాడు జకరయ్య.

“తప్పు ఎవరైనా చేస్తారు. వేరేవాళ్లు చెబుతారో లేదో నాకు తెలియదు. నువ్వు చెబుతావు,” అంది గ్రేసమ్మ.

తప్పును ఇతరుల మీదికి నెట్టితే పరువు దక్కినట్టు అనిపిస్తుంది. తనదని ఒప్పుకుని సరిదిద్దిన వాడికే నమ్మకం దక్కుతుంది.